ఖరీదైన బెయిట్‌కాస్టింగ్ రీలు కొంటే దారం చిక్కుపడటం తగ్గుతుందా? విశాఖ గాలం ప్రియులకు దశలవారీ మార్గదర్శి

ముందే చెప్పేస్తాను: తగ్గుతుంది. కానీ మీరు అనుకున్నంత కాదు, అనుకున్న చోటా కాదు. 3,000 రూపాయల రీలుతో పూటంతా చిక్కులు విప్పుకుంటూ కూర్చునే మనిషికి 20,000 రూపాయల రీలు చేతికిస్తే మొదటి గంటలోనే తేడా తెలిసిపోతుంది. మరో గంటకు ఆ రీలులోనూ చిక్కు పడుతుంది. ఆ రెండో చిక్కు ఎందుకు పడిందో అర్థమైతే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టడం దండగో తేలిపోతుంది. ఈ వ్యాసం దాని కోసమే. కొనడానికి ముందు చదివితే మంచిది. కొన్నాక చదివినా నష్టం లేదు, ఎందుకంటే ఇందులో సగం పనులకు పైసా ఖర్చు లేదు.

మొదటి దశ: చిక్కు ఎక్కడ పుడుతుందో చూడండి

స్పిన్నింగ్ రీలులో ఎర విసిరినప్పుడు స్పూల్, అంటే దారం చుట్టి ఉండే చక్రం, కదలదు. దారం దాని అంచు మీదుగా చుట్లు చుట్లుగా జారిపోతుంది. బెయిట్‌కాస్టింగ్ రీలులో అలా కాదు, స్పూలే తిరగాలి. ఎర దారాన్ని లాగుతుంది, దారం స్పూల్‌ను తిప్పుతుంది. ఎర రాడ్ కొనను వదిలిన క్షణంలోనే దాని వేగం గరిష్ఠం, అక్కడి నుంచి గాలి దాన్ని నెమ్మదింపజేస్తూనే ఉంటుంది. స్పూల్‌కు ఆ కబురు అందదు. అందుకున్న ఊపుతో తిరుగుతూనే ఉంటుంది. గాలిపటం గాలిలో ఆగిపోయినా చేతిలో చరఖా తిరుగుతూ ఉంటే మాంజా వదులై కాళ్ల దగ్గర కుప్పపడుతుంది కదా, సరిగ్గా అదే జరుగుతుంది. కాకపోతే ఇక్కడ కుప్పపడటానికి చోటు లేదు. వదులైన దారం స్పూల్ మీదే ఉబ్బి, తన కింద తానే దూరి, పీటముడిలా బిగుసుకుంటుంది. దీన్నే బ్యాక్‌లాష్ అంటారు.

వేగం ఎంత ఉంటుందో ఒక చిన్న లెక్క వేద్దాం. 34 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్పూల్ చుట్టుకొలత సుమారు 107 మిల్లీమీటర్లు. ఎర సెకనుకు 25 మీటర్ల వేగంతో బయలుదేరిందనుకుంటే స్పూల్ నిమిషానికి దాదాపు 14,000 చుట్లు తిరగాలి. ఆ వేగంలో సెకనులో పదో వంతు సేపు స్పూల్ 5 శాతం ఎక్కువ తిరిగితే ఒక చుట్టు మిగిలిపోతుంది. అంటే 10 సెంటీమీటర్లకు పైగా వదులు దారం. చిక్కుకు అది చాలు.

ఇప్పుడు ఒక్క విసురును మూడు ఘట్టాలుగా విడగొట్టి చూడండి. మొదటిది, రాడ్ ఊపు స్పూల్‌కు చేరి అది ఒక్కసారిగా గిర్రున లేచే క్షణం. రెండోది, ఎర గాలిలో ప్రయాణించే సమయం. మూడోది, ఎర నీటిని తాకి టక్కున ఆగిపోయే క్షణం. రీలుకు మీరు పెట్టే అదనపు డబ్బు మొదటి ఘట్టంలో కొంత, రెండో ఘట్టంలో చాలా పని చేస్తుంది. మూడో ఘట్టంలో దాదాపు ఏమీ చేయదు. అక్కడ పని చేయాల్సింది బొటనవేలు. ఈ రకం రీళ్లకు మూలమైన నమూనాలను అమెరికాలోని కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు 19వ శతాబ్దం తొలి దశకాల్లో తయారు చేశాడు. వాటికి బ్రేకు అనేదే లేదు. ఆ కాలపు వాళ్లు బొటనవేలితోనే నెట్టుకొచ్చారు.

రెండో దశ: డబ్బు దేనికి వెళుతుందో తెలుసుకోండి

మొదట బ్రేకు. ఇందులో ప్రధానంగా మూడు రకాలు.

సెంట్రిఫ్యూగల్ బ్రేకులో స్పూల్‌తో పాటు తిరిగే చిన్న ప్లాస్టిక్ దిమ్మలు బయటికి తన్నుకొచ్చి ఒక వలయాన్ని రాసుకుంటాయి. వేగం రెట్టింపయితే వాటి ఒత్తిడి నాలుగింతలవుతుంది. అందుకే విసురు మొదట్లో గట్టిగా పట్టి, చివర్లో దాదాపు వదిలేస్తుంది. దూరం బాగా వస్తుంది, కానీ చివర్లో బాధ్యత మీదే. షిమానో కంపెనీ ఎస్‌వీఎస్ బ్రేకు ఈ కోవలోనిదే.

అయస్కాంత బ్రేకులో ఏదీ దేన్నీ తాకదు. అయస్కాంతాల మధ్య అల్యూమినియం స్పూల్ తిరుగుతుంటే అందులో పుట్టే సుడి విద్యుత్ ప్రవాహాలే దాన్ని ఆపుతాయి. ఈ పట్టు వేగంతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. వర్గం లెక్కన కాదు. అందువల్ల చివరి వరకూ ఎంతో కొంత పట్టు మిగులుతుంది. బయట ఒక మీట తిప్పితే సర్దుబాటు అయిపోతుంది కాబట్టి కొత్తవాళ్లకు ఇది సులువు. చవక రీళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. డైవా కంపెనీ మాగ్‌ఫోర్స్ జెడ్ బ్రేకులో ఇదే సూత్రాన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లారు. స్పూల్‌కు అమర్చిన భాగం వేగం పెరిగినప్పుడు అయస్కాంతాల మధ్యకు జరుగుతుంది, వేగం తగ్గగానే వెనక్కి వస్తుంది. అవసరం ఉన్నప్పుడే పట్టు, లేనప్పుడు స్వేచ్ఛ.

మూడోది డిజిటల్ నియంత్రణ (డిజిటల్ కంట్రోల్), పొట్టిగా డీసీ. షిమానో దీన్ని 2003లో కల్కటా కాంక్వెస్ట్ డీసీ అనే రీలులో తెచ్చింది. లోపల బ్యాటరీ ఉండదు. తిరిగే స్పూలే తీగచుట్టలో విద్యుత్తు పుట్టిస్తుంది, దానితోనే చిన్న కంప్యూటర్ నడుస్తుంది. అది సెకనుకు 1,000 సార్లు స్పూల్ వేగాన్ని చూసుకుని బ్రేకును మారుస్తుందని కంపెనీ చెబుతుంది. విసిరినప్పుడు సన్నగా ఈలలా వినిపించే ధ్వని దీనిదే. (ఆ ధ్వని కోసమే కొనేవాళ్లు ఉన్నారు, కాదనను.) 2019లో ఎస్ఎల్ఎక్స్ డీసీ వచ్చాక ఈ సాంకేతికత కొంత అందుబాటు ధరకు దిగింది. అయినా మన దగ్గర అది సరదాగా కొనేసే ధరేమీ కాదు.

బ్రేకు తర్వాత చూడాల్సింది స్పూల్ బరువు. నా దృష్టిలో చిక్కుల విషయంలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే ఖర్చు ఇదే, దుకాణంలో ఎవరూ మాట్లాడనిదీ ఇదే. బరువైన స్పూల్‌ను తిప్పడానికి ఎక్కువ బలం కావాలి, తిరిగాక ఆపడానికీ ఎక్కువ బలం కావాలి. తేలికపాటి ఎరకు అంత బలం ఉండదు. పల్చటి గోడలతో, తక్కువ లోతుతో చేసిన తేలిక స్పూల్ ఎర చెప్పినట్టు వింటుంది. ఎర నెమ్మదిస్తే తానూ నెమ్మదిస్తుంది. చవక రీళ్లలో స్పూల్ లోతుగా, మందంగా ఉంటుంది. దాని నిండా దారం చుడితే ఆ బరువంతా అంచున చేరి ఇంకా మొండికేస్తుంది.

మూడోది అమరిక నాణ్యత. స్పూల్ అంచుకూ చట్రానికీ మధ్య సందు ఎక్కువైతే సన్నని దారం అందులోకి జారి ఇరుసుకు చుట్టుకుంటుంది. ఇది బ్యాక్‌లాష్ కాదు. ఇంకా దారుణం, రీలు విప్పితే గాని దారం బయటికి రాదు. మంచి రీళ్లలో ఈ సందు చాలా తక్కువ.

ఇక డబ్బు పోసినా చిక్కు తగ్గించనివి: బేరింగుల సంఖ్య, గేరు నిష్పత్తి, మెరిసే రంగు. డబ్బా మీద 18 బేరింగులని రాసి ఉంటే ముచ్చటపడకండి. వాటిలో స్పూల్‌ను మోసేవి రెండు మూడు మాత్రమే. మిగిలినవి హ్యాండిల్ పిడుల్లో, ఇతర చోట్ల ఉంటాయి. పైగా స్పూల్ బేరింగులు మరీ స్వేచ్ఛగా తిరిగితే అనుభవం లేని చేతిలో చిక్కులు పెరుగుతాయే గాని తగ్గవు. దుకాణదారు స్పూల్‌ను వేలితో ఒక్క తోపు తోసి "చూడండి సార్, ఎంతసేపు తిరుగుతుందో" అంటే అది మీకు శుభవార్త కాదు.

మూడో దశ: మీ నీళ్లు ఏవో తేల్చుకోండి

ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో ఇసుక మీద నిలబడి అలల అవతలికి బరువైన సీసం గుండుతో దూరంగా విసరడమే మీ సరదా అయితే ఈ చర్చంతా అనవసరం. పొడవాటి రాడ్, పెద్ద స్పిన్నింగ్ రీలు తీసుకోండి. ఎదురుగాలిలో బెయిట్‌కాస్టింగ్ రీలుతో కుస్తీ పట్టడం వల్ల ఒరిగేది లేదు.

బెయిట్‌కాస్టింగ్ రీలు రాణించేది గురి ముఖ్యమైన చోట. భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే ముఖద్వారంలో పండుగప్ప కోసం ప్రవాహం అంచున ఎర వేయాలన్నా, యారాడ వైపు రాళ్ల మధ్య పార చేప కోసం ఫలానా సందులోనే పడేయాలన్నా, ఊరి చెరువులో తూడు పక్కన కప్ప ఎరతో కొరమేనును రెచ్చగొట్టాలన్నా ఇది చేతికి అలవాటైతే దీనికి సాటి లేదు. అయితే ఈ మూడింటికీ ఎర బరువు వేరు. కప్ప ఎరలు తరచుగా 10 నుంచి 15 గ్రాములు ఉంటాయి. పండుగప్పకు వాడే ఎరలు 15 నుంచి 30 గ్రాముల మధ్య తిరుగుతాయి. ఈ బరువులను సరిగ్గా సర్దిన మధ్యతరగతి రీలు హాయిగా విసురుతుంది. 7 గ్రాముల లోపు ఎరలే మీకు ముఖ్యమైతే అప్పుడు మాత్రం తేలిక స్పూల్ ఉన్న ఖరీదైన రీలు తప్పదు. చవక రీలుతో ఆ పని చేయాలనుకోవడం మొండితనమే.

రాడ్ మీద ఎర బరువు పరిధి అచ్చువేసి ఉంటుంది, దాన్ని చదవండి. మరీ బిరుసైన రాడ్‌కు తేలిక ఎర కడితే రాడ్ వంగదు. వంగనప్పుడు మనం చేత్తో విదిలిస్తాం. విదిలిస్తే మొదటి ఘట్టంలోనే చిక్కు.

నాలుగో దశ: దుకాణంలో చేత్తో చూడండి

ఆన్‌లైన్‌లో కొనే ఉద్దేశం ఉన్నా ఒక్కసారి ఎక్కడైనా చేత్తో పట్టుకుని చూడటం మంచిది. స్పూల్‌ను అటూ ఇటూ కదపండి. హ్యాండిల్ పక్కన ఉండే స్పూల్ బిగింపు మీట సర్దాక కూడా లొడలొడలాడుతుంటే వద్దు. స్పూల్ అంచుకూ చట్రానికీ మధ్య సందును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. బ్రేకు మీటను కనిష్ఠం నుంచి గరిష్ఠానికి తిప్పి రెండు చోట్లా స్పూల్‌ను తోసి చూడండి. తేడా స్పష్టంగా తెలియాలి. కొన్ని చవక రీళ్లలో ఆ మీట అలంకారం మాత్రమే. గరిష్ఠంలోనూ స్పూల్ అదే ధోరణిలో తిరుగుతుంది. పక్క పలక తెరిచి స్పూల్‌ను బయటికి తీయడం ఎంత సులువో చూడండి. ఉప్పునీటి ఊళ్లో ఉన్నాం, ఆ పని మీరు తరచూ చేయాల్సి వస్తుంది.

హ్యాండిల్ కుడివైపా ఎడమవైపా అన్నది కొన్నాక మార్చలేరు. స్పిన్నింగ్ రీలులో లాగా ఇటుది అటు బిగించడం కుదరదు. కుడిచేత్తో విసిరి, చేయి మార్చకుండా ఎడమచేత్తో చుట్టాలనుకునేవాళ్లు ఎడమ హ్యాండిల్ అడిగి తీసుకోవాలి.

ధరల సంగతి స్థూలంగా చెప్పాలంటే 2,000, 3,000 రూపాయల రీలుకూ 8,000 నుంచి 12,000 రూపాయల రీలుకూ మధ్య చిక్కుల విషయంలో తేడా చాలా పెద్దది. అక్కడి నుంచి 20,000 దాటాక కనిపించే తేడా దానికన్నా బాగా చిన్నది. మొదటి రీలుకు మధ్య మెట్టే నా ఓటు. మిగిలిన డబ్బుతో మంచి దారం, రెండు మూడు సరైన బరువున్న ఎరలు కొనండి.

ఐదో దశ: దారం సరిగ్గా చుట్టండి

నేర్చుకునే రోజుల్లో 12 నుంచి 15 పౌండ్ల (తెగకుండా తట్టుకునే బరువు) నైలాన్ దారం చాలు. చవక, సాగుతుంది, చిక్కు విప్పడం తేలిక, పాడైతే కోసి పారేయడానికి ప్రాణం ఉసూరుమనదు. ఫ్లోరోకార్బన్ బిరుసుగా ఉండి స్పూల్ మీద నుంచి తీగచుట్టలా లేస్తుంది. దాన్ని తర్వాత చూసుకోవచ్చు. బ్రెయిడ్ దారం, అంటే సన్నటి పోగులతో అల్లిన దారం, వాడితే 30 పౌండ్లకు తగ్గకండి. అంతకన్నా సన్నదైతే కింది చుట్ల మధ్యకు కోసుకుపోయి ఇరుక్కుంటుంది. కొరమేను కోసమైతే ఎలాగూ 40, 50 పౌండ్ల దారమే కావాలి.

బ్రెయిడ్‌ను నేరుగా నున్నటి స్పూల్‌కు కడితే మొత్తం చుట్టే ఇరుసు మీద జారుతుంది. ముందు కొన్ని మీటర్ల నైలాన్ చుట్టి, దానికి బ్రెయిడ్‌ను కలపండి. చుట్టేటప్పుడు తడిగుడ్డతో దారాన్ని గట్టిగా పట్టుకోండి. వదులుగా చుట్టిన దారం మొదటి పెద్ద చేప లాగగానే లోపలికి దిగిపోతుంది. స్పూల్‌ను అంచుదాకా నింపకండి. 2, 3 మిల్లీమీటర్లు ఖాళీ ఉంచండి. కొత్తవాళ్లు ఇంకొంచెం తక్కువ నింపినా తప్పులేదు. దూరం కాస్త తగ్గుతుంది, స్పూల్ బరువూ తగ్గుతుంది.

ఒక పాత చిట్కా ఇప్పటికీ పని చేస్తుంది. మీరు మామూలుగా విసిరే దూరానికి ఓ 10 మీటర్లు అదనంగా దారం బయటికి లాగి, స్పూల్ మీద మిగిలిన దారానికి అడ్డంగా చిన్న టేపు ముక్క అంటించి, మళ్లీ చుట్టేయండి. ఎంత ఘోరమైన చిక్కు పడినా ఆ టేపు దాటి లోపలికి పోదు. పెద్ద చేప లాగితే ఆ టేపు అడ్డొస్తుంది కాబట్టి చేయి కుదిరాక తీసేయండి.

ఆరో దశ: బ్రేకు సర్దండి, ఎర మార్చిన ప్రతిసారీ

దీన్ని ఎగ్గొట్టే వాళ్లే ఎక్కువ. హ్యాండిల్ పక్కనే ఉండే చిన్న గుండ్రటి మీట స్పూల్ బిగింపుది. ఎర కట్టి, రాడ్‌ను నేలకు సమాంతరంగా పట్టుకుని, బొటనవేలి కింద ఉండే విడుదల మీట నొక్కి స్పూల్‌ను వదలండి. ఎర నెమ్మదిగా దిగాలి. నేలను తాకగానే స్పూల్ ఆగిపోవాలి, ఇంకో చుట్టు తిరగకూడదు. తిరిగితే కొంచెం బిగించండి. అసలు దిగకపోతే కొంచెం వదులు చేయండి. ఆ తర్వాత పక్క పలక మీది ప్రధాన బ్రేకును గరిష్ఠం దగ్గర పెట్టి మొదలుపెట్టండి. విసురుతున్నకొద్దీ చేతికి నమ్మకం చిక్కితే ఒక్కొక్క గీత తగ్గించండి. మొదటి రోజే దూరం కోసం బ్రేకు తగ్గించేవాళ్లకు ఆ దూరమూ రాదు, దారమూ మిగలదు.

15 గ్రాముల ఎరకు సర్దిన రీలుకు 8 గ్రాముల ఎర మార్చి అలాగే విసిరితే అది ఖరీదైనదైనా చవకదైనా చిక్కు పడి తీరుతుంది. డీసీ రీళ్లలోనూ దారం రకం, గాలి, ఎర బరువును బట్టి మీట స్థాయి మీరే ఎంచుకోవాలి. కంప్యూటర్ ఉంది కదా అని అన్నీ దానికి వదిలేస్తే కుదరదు.

ఏడో దశ: నేల మీద నేర్చుకోండి, గాలిని చూసి నీటి దగ్గరికి వెళ్లండి

గాలం ముల్లు లేని రబ్బరు గుండు కట్టి ఖాళీ మైదానంలో మొదలుపెట్టండి. 15 మీటర్ల దూరంలో ఒక పాత పళ్లెం పెట్టుకుంటే గురి కూడా కుదురుతుంది. ఉదయాన్నే నడకకు వచ్చే జనంతో నిండిపోయే ఆర్కే బీచ్‌లో మాత్రం ముల్లున్న ఎరతో సాధన చేయకండి.

ఎర రాడ్ కొన నుంచి 15, 20 సెంటీమీటర్లు వేలాడాలి. విసిరేటప్పుడు హ్యాండిల్ పైకి వచ్చేలా మణికట్టును తిప్పితే చేయి సహజంగా కదులుతుంది. బొటనవేలు స్పూల్ మీద ఆన్చండి. వెనక్కి వెళ్లి, రాడ్ ఎర బరువుకు వంగినట్టు చేతికి తెలిశాక, అదే ఊపులో ముందుకు రండి. కొట్టినట్టు కాదు, తోసినట్టు. రాడ్ మీ ముందుకు వచ్చేసరికి వేలిని ఎత్తండి, కానీ దూరంగా తీసేయకండి. దారానికి ఈక తాకినంత తేలికగా వేలు ఆనిస్తే స్పూల్ ఉబ్బడం మొదలవగానే తెలుస్తుంది. ఎర నీటిని తాకడానికి ఒక్క క్షణం ముందు గట్టిగా నొక్కి ఆపేయండి. ముందు 10 మీటర్లు చక్కగా వేయడం నేర్చుకోండి, దూరం దానంతట అదే పెరుగుతుంది.

గాలి విషయంలో విశాఖ మనకు ఒక మేలు చేస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లారడం వల్ల చాలా రోజుల్లో తెల్లవారుజామున గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఆ వేళ సముద్రానికి ఎదురుగా నిలబడితే గాలి మీ వీపు వెనుక ఉంటుంది, ఎరను మోసుకుపోతుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రపు గాలి ముఖానికి కొడుతుంది. ఎదురుగాలిలో ఎర ఒక్కసారిగా వేగం కోల్పోతుంది, రెండో ఘట్టపు చిక్కులన్నీ అప్పుడే. మధ్యాహ్నం వెళ్లక తప్పదంటే బ్రేకు రెండు గీతలు పెంచండి, బరువైన, సన్నటి ఎర కట్టండి, కిందుగా, పక్కనుంచి విసరండి. నైరుతి రుతుపవనాల కాలంలో ఈ లెక్కంతా చెదిరిపోతుంది. అప్పుడు గాలి ఎటునుంచి ఉంటే దానికి వీపు పెట్టే చోటు వెతుక్కోవడమే.

ఎనిమిదో దశ: చిక్కు ఎప్పుడు పడిందో చూసి కారణం పట్టుకోండి

భీమిలి వంతెన దగ్గర ఒక కుర్రాడు కొత్త రీలును ఒళ్లో పెట్టుకుని దారం విప్పుతుంటే, పక్కన నిజంగానే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తి, "ఏం బాబూ, నువ్వూ వల అల్లుతున్నావా?" అన్నాడు.

"లేదు తాతా, రీలు మంచిది కాదు."

"గుండు నీళ్లలో పడ్డాక కూడా నీ చక్రం తిరుగుతూనే ఉంది బాబూ. నేను చూస్తూనే ఉన్నాను."

పెద్దాయన బెయిట్‌కాస్టింగ్ రీలు ఎప్పుడూ పట్టి ఉండడు. కానీ కారణం పట్టేశాడు. మీరూ అలాగే చూడాలి.

ఎర రెండు మూడు మీటర్లు పోకముందే చిక్కు పడితే విసురులో కుదుపు ఉంది, లేదా ఎర మరీ తేలిక, లేదా వేలు ముందే ఎత్తేశారు. మంచి బ్రేకు దీన్ని కొంత కాస్తుంది. సగం దూరంలో దారం మెత్తగా ఉబ్బి లేస్తుంటే గాలి ఎదురొస్తోంది, లేదా బ్రేకు చాలలేదు. ఖరీదైన రీలు తన విలువ చూపించేది ఇక్కడే. ఎర నీటిలో పడ్డాక స్పూల్ మీద వదులు చుట్లు కనిపిస్తే వేలు ఆలస్యమైంది. దీనికి ధరతో సంబంధం లేదు.

ఇంకో రకం ఉంది, దాన్ని చాలామంది బ్యాక్‌లాష్ అని పొరబడతారు. ఎర చక్కగా పోతూ గాలిలోనే టక్కున ఆగిపోతుంది. ఒక్కోసారి దారం తెగి ఎర మాత్రం ఎగిరిపోతుంది. ఇది బ్రెయిడ్ దారం కింది చుట్లలో దిగబడటం వల్ల జరుగుతుంది. రాళ్లలో ఎర ఇరుక్కున్నప్పుడు రాడ్‌తో గట్టిగా లాగాక తర్వాతి విసురులోనే ఇలా అవుతుంది. అలా లాగిన ప్రతిసారీ కొన్ని మీటర్ల దారం బయటికి తీసి, వేళ్ల మధ్య బిగువుగా పట్టుకుని మళ్లీ చుట్టండి. నీటి పైన ఆడించే ఎరలు వాడేటప్పుడు వదులు దారం చుట్టుకోవడం మామూలే, కాబట్టి రీలు ముందు రెండు వేళ్లతో దారాన్ని పట్టి చుట్టే అలవాటు చేసుకోండి. ఎంత ఖరీదైన బ్రేకు అయినా ఈ చిక్కును ఆపలేదు, ఎందుకంటే ఇది విసరక ముందే స్పూల్ మీద కూర్చుని ఉంటుంది.

తొమ్మిదో దశ: పడిన చిక్కును విప్పడం

ముందుగా లాగకండి. లాగితే వదులు ముడి గట్టి ముడి అవుతుంది. హ్యాండిల్ తిప్పి రీలును పట్టులోకి తెచ్చి, బొటనవేలితో స్పూల్ మీది ఉబ్బును గట్టిగా అదిమి పట్టి, అలా అదిమి ఉంచి హ్యాండిల్‌ను రెండు మూడు చుట్లు తిప్పండి. వేలి కింద ఉబ్బిన ఉచ్చులు ఒకటొకటిగా అణిగిపోవడం తెలుస్తుంది. ఇప్పుడు విడుదల మీట నొక్కి దారాన్ని మెల్లగా బయటికి లాగండి. సాఫీగా వస్తుంది, ఎక్కడో ఆగుతుంది. ఆగిన చోట మళ్లీ అదమండి, తిప్పండి, లాగండి. చాలా చిక్కులు ఇంతటితోనే వీడిపోతాయి. అయినా ఒక ఉచ్చు అడ్డం పడి ఉంటే, పోయే దారం మీదుగా అడ్డంగా ఉన్న చుట్టు ఏదో చూసి, మొద్దు కొన ఉన్న పుల్లతో దాన్ని ఒక్కటే పైకి ఎత్తండి. గాలం ముల్లుతో, చాకు మొనతో కెలికితే కింది దారం గీరుకుపోతుంది, అది తర్వాత పెద్ద చేప దగ్గరే తెగుతుంది.

విప్పాక నైలాన్ దారాన్ని వేళ్ల మధ్య జారనిచ్చి చూడండి. తెల్లటి మడత తగిలితే అంతవరకు కోసేయండి. కోసిన దారాన్ని ఇసుకలో వదలకండి, జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి. శీతాకాలం నుంచి వేసవి మొదలు వరకు ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. మనం పారేసిన ఉచ్చును విప్పుకోవడానికి వాటికి బొటనవేలు లేదు.

పదో దశ: ఉప్పు, ఇసుక

విశాఖలో రీళ్లను పాడుచేసేది చేపలు కాదు, ఉప్పు. బేరింగులో ఉప్పు పేరుకుంటే స్పూల్ ఒకసారి పట్టేసి, ఒకసారి వదులుతుంది. నిన్న సర్దిన బ్రేకు ఈరోజు పని చేయదు. ఇంటికి రాగానే డ్రాగ్ (చేప లాగినప్పుడు దారాన్ని పట్టి పట్టి వదిలే బిగింపు) బిగించి, మంచినీటిని సన్నని ధారగా పోసి కడగండి. బకెట్లో ముంచకండి, పైపుతో జోరుగా కొట్టకండి. నీడలో ఆరనిచ్చి డ్రాగ్ వదులు చేయండి. అప్పుడప్పుడు పక్క పలక తెరిచి ఒక్కో స్పూల్ బేరింగులో ఒకే ఒక్క చుక్క నూనె వేయండి. ఆ నూనె సెంట్రిఫ్యూగల్ బ్రేకు వలయానికి అంటితే దిమ్మలు జారిపోయి బ్రేకు పట్టు తగ్గుతుంది. రీలు శుభ్రం చేసిన మర్నాడే చిక్కులు ఎక్కువయ్యాయని వాపోయేవాళ్లు ముందు అక్కడ చూసుకోవాలి. బీచ్‌లో రీలును ఇసుక మీద పెట్టడం గురించి వేరే చెప్పాలా?

పదకొండో దశ: ఇప్పుడు ఖరీదైనది కొనాలా?

మీ చిక్కుల్లో ఎక్కువ భాగం సగం దూరంలో పడుతుంటే, ఎరలు 7 గ్రాముల చుట్టుపక్కల ఉంటే, గాలి ఉన్నా వెళ్లక తప్పని పరిస్థితి అయితే, రాత్రిపూట ఎర ఎక్కడ పడుతుందో కనిపించని చీకట్లో విసురుతుంటే కొనండి. పెట్టిన డబ్బు కళ్లకు కనిపిస్తుంది. రాత్రి వేటలో డీసీ రీలు విలువ నేను ఒప్పుకుంటాను. ఎర నీటిని తాకేది చూడలేనప్పుడు వేలు ఎప్పుడు నొక్కాలో ఊహించాల్సిందే. స్పూల్ అప్పటికే నెమ్మదించి ఉంటే వేలు కాస్త ఆలస్యమైనా నష్టం తక్కువ.

చిక్కులు మొదట్లోనో చివర్లోనో పడుతుంటే ఆగండి. ఆరో దశ, ఏడో దశ మళ్లీ ఒకసారి చేసి చూడండి.

డీసీ రీలే తీసుకోవాలని తేల్చుకుంటే డబ్బు కట్టే ముందు రెండు విషయాలు అడగండి. దాని ఎలక్ట్రానిక్ భాగం పాడైతే ఇంట్లో విప్పి బాగుచేసుకునే వస్తువు కాదు, కాబట్టి మన దేశంలో దానికి అధికారిక సర్వీసు ఉందా, వారంటీ ఇక్కడ చెల్లుతుందా అన్నది బిల్లు మీద రాయించుకోండి. విదేశాల నుంచి నేరుగా తెప్పించిన రీలు కాస్త చవకగా దొరికినా ఈ ఒక్కచోట దెబ్బ తింటుంది. రెండోది, దానికి విడి స్పూల్ దొరుకుతుందా అన్నది. దొరికితే ఒకదానికి నైలాన్, ఇంకోదానికి బ్రెయిడ్ చుట్టి ఉంచుకోవచ్చు. నీటి ఒడ్డున ఒక స్పూల్ విప్పలేనంతగా చిక్కుపడితే దాన్ని సంచిలో వేసి రెండోది తగిలించుకుని వేట కొనసాగించవచ్చు.